గడువు ఆడవాళ్ళకేనా?

అమెరికాలో రాష్ట్రాల శాసనసభలు రాజ్యాంగాన్ని సవరించడానికి జాతీయ కన్వెన్షన్ పిలవమని కాంగ్రెస్‌కు విన్నపాలు పంపుతున్నాయంటే, మనకెందుకులే అనిపించవచ్చు. కానీ ఆ విన్నపాలను లెక్కపెట్టే తీరు చూశాక ఇది స్త్రీలందరూ తెలుసుకోవలసిన సంగతి అనిపించింది నాకు.

అక్కడి రాజ్యాంగం 5వ అధికరణం సవరణను ప్రతిపాదించడానికి రెండు దారులు చూపింది. ఒకటి, కాంగ్రెస్ ఉభయసభల్లో మూడింట రెండు వంతుల ఆమోదం. రెండోది, 34 రాష్ట్రాలు కోరితే కన్వెన్షన్ ఏర్పాటు చేయడం. ఏ దారిన వచ్చినా చివరికి 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఇంతవరకూ వచ్చిన 27 సవరణలూ మొదటి దారిన వచ్చినవే. రెండో దారి తలుపు ఒక్కసారీ తెరుచుకోలేదు.

ఆ తలుపు తట్టేవాళ్ళు మాత్రం తక్కువేమీ కాదు. కేంద్రం అధికారాలకూ ఖర్చుకూ కళ్ళెం వేయాలంటూ 2022 నాటికి 19 రాష్ట్రాలు ఒకే తరహా తీర్మానాలు చేశాయి. 2023లో కాలిఫోర్నియా తుపాకుల నియంత్రణ కోసం కన్వెన్షన్ కోరింది. బడ్జెట్ సవరణ కోరే వారిలో కొందరు 34 పూర్తి చేయడానికి పాత విన్నపాలన్నీ తవ్వి తీస్తున్నారు. 1789లో న్యూయార్క్ పంపినదాన్ని కూడా లెక్కలో కలపాలని వాదించేవారున్నారు. అధికరణంలో గడువు లేదు కాబట్టి విన్నపానికి కాలదోషం పట్టదట!

మరి స్త్రీల సంగతి? సమాన హక్కుల సవరణను కాంగ్రెస్ 1972లో ఆమోదించి ఏడేళ్ళ గడువు పెట్టింది. తర్వాత 1982 దాకా పొడిగించింది. అప్పటికి 35 రాష్ట్రాలే ఆమోదించాయి. 2017లో నెవాడా, 2018లో ఇల్లినాయ్, 2020లో వర్జీనియా కలిసి 38 చేశాయి. ఆలస్యమైందన్నారు. ఐదు రాష్ట్రాలు మధ్యలో తమ ఆమోదాన్ని వెనక్కి తీసుకున్నాయన్నది మరో అభ్యంతరం. స్త్రీ పురుష సమానత్వం ముందు గడియారం పెట్టినవారు, బడ్జెట్ ముందు ఎందుకు పెట్టరు?

ఇంకో భయం ఉంది. కన్వెన్షన్‌కు ప్రతినిధులను ఎవరు ఎన్నుకోవాలో, ఓట్లు ఎలా లెక్కించాలో 5వ అధికరణం చెప్పదు. రాష్ట్రానికొక ఓటు అంటే ఆరు లక్షలైనా లేని వయోమింగ్, దాదాపు నాలుగు కోట్ల కాలిఫోర్నియా సమానమవుతాయి. 1787లో ఫిలడెల్ఫియాలో పాత ఒప్పందాన్ని సవరించడానికి కూర్చున్న 55 మందీ పురుషులే. లేచేసరికి కొత్త రాజ్యాంగమే రాశారు. అందులో స్త్రీల ఓటుహక్కుకు హామీ లేదు. దానికి 1920 దాకా ఆగవలసి వచ్చింది.

మనకూ ఈ ఎదురుచూపు కొత్తదేం కాదు. చట్టసభల్లో మూడో వంతు సీట్లిచ్చే 106వ సవరణను 2023లో ఆమోదించినప్పుడు, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలన్న షరతు కూడా వెంటబెట్టారు.

రాజ్యాంగాన్ని మార్చకూడదని నేననను. దాన్ని మార్చుకునే హక్కు ప్రజలకు ఉండాల్సిందే. అయితే మార్చడానికి కూర్చునే ముందే నియమాలు రాయాలి. ఆ నియమాలు రాసే చోట స్త్రీలుండాలి. గడువంటూ పెడితే అందరికీ ఒకటే పెట్టాలి. ఏ దేశంలోనైనా మనం ముందుగా అడగవలసింది ఇదే.