కట్టినమ్మ పేరు కూడా చెప్పండి

మొన్న విజయనగరంలో ఓ కాలేజీ ఆవరణలో చిన్న కచేరీకి వెళ్ళాను. హంగూ ఆర్భాటం ఏమీ లేవు. ఓ వీణ, ఓ వయొలిన్, మృదంగం, పాడేందుకు ఇద్దరు ఆడపిల్లలు. ఎదురుగా జంపఖానాల మీద ఓ అరవై మందిమి. ఆ సాయంత్రం పాడేవన్నీ ఆడవాళ్ళు కట్టిన పాటలేనట. ఆ మాట వినగానే నా వెనక కూర్చున్న పెద్దాయన, "పూటంతా పాడడానికి సరిపడా ఉన్నాయా అమ్మా అవి?" అన్నారు. వెటకారం కాదు, పాపం, నిజంగానే అనుమానం. వెటకారమే అయితే నాకంత ఒళ్ళు మండేది కాదు.

ఆయన్నని ఏం లాభం? మనది 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాలు. తరవాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. సుశీల గారు అక్కడే నేర్చుకున్నారని ఇప్పటికీ పొరుగూరి వాళ్ళ దగ్గర గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కాని గమనించారా, ఆడదాని పేరు గొంతు దగ్గరే ఆగిపోతుంది. పాడిందంటే చప్పట్లు కొడతాం. వరస కట్టిందంటే మాత్రం, "ఎవరు నేర్పారో!" అంటాం.

తరిగొండ వెంగమాంబ 1817లో కాలం చేసింది. తిరుమలలో రాత్రి ఏకాంత సేవలో ఆవిడ పేర ముత్యాల హారతి ఇవాళ్టికీ ఇస్తున్నారు. ఆ తల్లి కీర్తనలూ యక్షగానాలూ రాసిందని హారతి కళ్ళకద్దుకునే వాళ్ళలో ఎందరికి తెలుసు? "జయజయ ప్రియభారత" అనగానే కృష్ణశాస్త్రి గారంటాం. సబబే. దానికి బాణీ కట్టిన మేనకోడలు వింజమూరి అనసూయ గారి పేరు ఏ బడిపిల్లల చేత చెప్పించాం? ఆవిడ 2019 దాకా బతికే ఉన్నారు కూడాను! 1968లో సావిత్రి "చిన్నారి పాపలు" తీస్తే సంగీతం చేసింది పి. లీల. లీల పాటలు చెప్పమనండి, గడగడా పది చెబుతాం. సంగీత దర్శకురాలు లీల అంటే, "ఏ లీల?" అని అడుగుతాం.

దొరల దేశంలోనూ ఇదే భాగోతం. జర్మనీలో ఫానీ మెండెల్సన్ కట్టిన ఆరు పాటలు తమ్ముడు ఫీలిక్స్ పేర అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి ఆయన ఎదుటే ఆ పుస్తకంలోంచి ఓ పాట ఏరి పాడితే, తీరా అది అక్కగారిది! ఆయన ఒప్పేసుకున్నాడు. అంతవరకు మంచివాడే.

"ఆడవాళ్ళే పేరు పెట్టుకోలేదు, ఎవరేం చేస్తారండీ?" అంటారు. మరి మువ్వగోపాల ముద్రలో క్షేత్రయ్య పేరెక్కడుంది? ముద్ర దేవుడిదే అయినా ఆయన పేరు మనం మోసుకొచ్చాం కనక నిలిచింది.

మా అమ్మమ్మ మంగళహారతులు కట్టేది. పప్పు రుబ్బుతూ కట్టేది. చివర పైడితల్లి పేరు పెట్టేది, తనది కాదు. చాకలి పద్దు పుస్తకం వెనక పేజీల్లో నేను ఒకటో రెండో రాసుకున్నాను. ఆ మధ్య శ్రీకాకుళంలో ఓ పెళ్ళిలో ఆవిడ హారతే పాడుతున్నారు. ఎవరిదమ్మా అని అడిగితే, "పాతదండీ, ఎవరిదీ కాదు" అంది పాడిన అమ్మాయి. అది మా అమ్మమ్మదే అనబోయాను. వియ్యాలవారు గొప్పలకు పోతోందనుకుంటారేమోనని నోరు మూసుకున్నాను. ఇక ఆ పెద్దాయన మీద లేవడానికి నాకేం మొహం ఉంది?

సభలు చేసేవాళ్ళకూ, పేరంటాల్లో పాడే తల్లులకూ ఒకటే చెబుతున్నాను. పాట ఎత్తుకునే ముందు కట్టినమ్మ పేరు చెప్పండి. తెలియకపోతే ఆ ఇంటి పెద్దవాళ్ళని అడగండి. అర నిమిషం పని. దండలకూ శాలువాలకూ గంట ఖర్చుపెడుతున్నాం కదా!

ఆ పిల్లలు మాత్రం ప్రతి పాటకీ ముందు పేరు చెప్పే పాడారు. కచేరీ అయ్యాక దగ్గరకు వెళ్ళి అమ్మమ్మ హారతి పాడి వినిపించాను. గొంతు వణికింది లెండి. వీణ పిల్ల పెన్సిలు తీసి, "పేరేమిటండీ?" అంది. చెప్పాను.

"ఇంటిపేరు పుట్టింటిది రాయనా, అత్తింటిది రాయనా?"

రెండూ రాయించాను.