తూటాల లెక్క ఉంది, తిండి పెట్టిన చేతుల లెక్క ఏదీ?

పుస్తకాల పండుగల్లో చరిత్ర ప్రసంగాలకు ఈమధ్య మంచి గిరాకీ వచ్చింది. విజయవాడలో 1989లో మొదలైన పుస్తక మహోత్సవం తరవాత ఈ పండుగలు ఒక్కో ఊరికీ పాకాయి. సంతోషమే. పుస్తకం కొనుక్కోవడానికి వచ్చిన మనిషి ఒక గంట కూర్చుని తన నేల గురించి వినిపోతే అంతకంటే కావలసిందేముంది? అయితే ఆ గంటలో ఎవరి చరిత్ర చెప్తున్నారు, ఎవరు చెప్తున్నారు, ఎవరు వినేవాళ్లుగా మాత్రమే మిగిలిపోతున్నారు అన్న ప్రశ్నలు వేయకుండా చప్పట్లు కొట్టి రావడం మనవల్ల కాదు.

సాయంత్రం ఆరు గంటల వేళ, జనం నిండుగా ఉన్నప్పుడు, చరిత్ర. మధ్యాహ్నం రెండు గంటలకు, కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు, 'స్త్రీల సాహిత్యం'. చాలాచోట్ల ఏర్పాటు ఇలాగే ఉంటుంది. స్త్రీలకు సాహిత్యం ఉంటుంది గాని చరిత్ర ఉండదని, ఉన్నా అది చరిత్రకారుడి ప్రసంగంలో చివరి రెండు నిమిషాల్లో 'ఈ పోరాటంలో మహిళలు కూడా పాల్గొన్నారు' అన్న వాక్యానికి సరిపోయేంతేనని నిర్వాహకులు నమ్ముతున్నట్టే ఉంది. ఆ 'కూడా' అన్న మాట దగ్గరే నా పేచీ.

మాట గాలిలో తేలిపోకుండా ఒక నేల మీద నిలబడి మాట్లాడదాం. నాతవరం తీసుకోండి. నర్సీపట్నం పక్కన, తాండవ జలాశయం ఉన్న మండలం. అక్కణ్నుంచి తలెత్తితే మన్యం కొండలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నాతవరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది, చింతపల్లి కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ఇలాంటి మండల కేంద్రానికి పుస్తకాల పండుగ వస్తే చరిత్ర ప్రసంగం దేనిమీదో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు. 1922-24 మన్యం తిరుగుబాటు మీదే. ఉండాలి కూడా. ఆ తిరుగుబాటును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దాన్ని సగం చెప్పి మొత్తం చెప్పామనుకోవడం గురించే ఈ గొడవ.

చెప్పేది ఏమిటో మనందరికీ కంఠతా వచ్చు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి. పట్టుకుపోయిన తుపాకులు 26. ఏమేం తీసుకున్నదీ స్టేషను రికార్డులోనే రాసి రాజు సంతకం పెట్టాడు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల చావు. గాం గంటందొర, మల్లుదొర. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు కాల్చివేత. చంపిన వాళ్ల పేర్లున్నాయి, చచ్చిన తెల్లవాళ్ల పేర్లున్నాయి, తుపాకుల లెక్క ఉంది. మరి రెండేళ్లపాటు కొండల్లో తిరిగిన దళానికి అంబలి కాచినదెవరు? గింజలు దంచినదెవరు? పోలీసులు ఊళ్లో దిగితే ముందుగా వాళ్ల కళ్లబడినదెవరు? ఏరు దగ్గర నీళ్లు ముంచుకుంటూ, ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో చూసినదెవరు? తిండి లేకుండా ఏ సైన్యమూ రెండు రోజులు నడవదు. ఈ సంగతి తెలియడానికి పరిశోధన అక్కర్లేదు, ఒక పూట వంటింట్లో నిలబడితే చాలు.

అసలు తిరుగుబాటు ఎందుకొచ్చింది? ఈ ప్రశ్నకు ప్రసంగకర్తలు చెప్పే జవాబులోనే స్త్రీలు నిలువెత్తున ఉన్నారు, చూడరంతే. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు సొత్తు చేసింది. పోడు కొట్టుకోవడం నేరమైంది. కట్టెలకు, కాయలకు, ఆకులకు అడ్డం పడింది. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని తోలి, కూలి ఎగ్గొట్టాడు. సరే. పోడులో విత్తు జల్లేది, కలుపు తీసేది, కోత కోసేది ఎవరు? దుంపలు తవ్వేది, చింతపండు రాల్చేది, అడ్డాకులు కోసేది, కట్టెల మోపు నెత్తినెత్తుకునేది ఎవరు? అడవి మీద పడిన చట్టం మొదట పడింది ఆడదాని రోజువారీ పని మీద. రేంజరు ముందు నిలబడి మోపు దించవలసి వచ్చింది ఆమె. అంటే ఈ తిరుగుబాటులో స్త్రీలు 'కూడా' ఉండడం కాదు, వాళ్ల శ్రమ మీద పడిన దెబ్బే దాని మూలాల్లో ఒకటి. దీన్ని వదిలేసి వీరుడి గుర్రాన్నీ విల్లునూ వర్ణించడం చరిత్ర కాదు, బుర్రకథ. బుర్రకథ నయం, అందులో ఏడ్చే తల్లికైనా కాసేపు చోటుంటుంది.

చరిత్ర ఖాళీగా వదిలిన చోటును సినిమా నింపింది. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'లో విజయనిర్మల వేసిన సీత పాత్ర గుర్తుంది కదా. రాజు పేరులోని సీత ఒక ప్రియురాలన్నది జనంలో తిరిగిన కథే గాని రుజువైన చరిత్ర కాదు. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' కల్పితమని చెప్పుకునే వచ్చింది. అందులోనూ సీత ఎదురుచూస్తుంది, గోండు పిల్ల మల్లి ఎత్తుకుపోబడి, రక్షించబడుతుంది. దాదాపు యాభై ఏళ్లలో మన ఊహ కదిలింది ఇంతే. ఎదురుచూసే స్త్రీ, ఏడ్చే స్త్రీ, కాపాడబడే స్త్రీ. లేని ప్రేయసిని కల్పించడానికి ఓపిక ఉన్న మనకు, ఉన్న వేలమంది ఆదివాసీ స్త్రీలను వెతకడానికి ఓపిక లేకపోయింది. భీమవరంలో 2022 జూలై 4న ముప్పై అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. జిల్లాకు రాజు పేరొచ్చింది. గంటందొర పేరు ఆ తరవాత ఎక్కడో వినపడుతుంది. గంటందొర ఇంటి ఆడవాళ్ల పేర్లు వేదిక మీద నేనెన్నడూ వినలేదు.

'ఆధారాలు లేవమ్మా, ఏం చెయ్యమంటారు?' అంటారు పెద్దలు. ఈ జవాబు విని విని విసుగొచ్చింది. ఆధారం అంటే ఏమిటి? పోలీసు టెలిగ్రాం, కలెక్టరు నివేదిక, సర్కారు జీవో. తిరుగుబాటును 'ఫితూరీ' అని పిలిచిన వాళ్లు రాసిపెట్టినవి. ఆ కాగితం చరిత్ర, కొండ మీద ముసలమ్మ చెప్పేది 'జానపదం'! శత్రువు రాసింది ప్రమాణం, బతికిన మనిషి చెప్పింది పుక్కిటి పురాణం. ఇదెక్కడి న్యాయం?

ఆధారాలు దొరకవు, తయారుచేసుకోవాలి అని తెలుగునాట స్త్రీలు ఎప్పుడో చూపించారు. బడి మొహం చూడని భండారు అచ్చమాంబ 1901 నాటికే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు గుదిగుచ్చింది. ముప్పై ఏళ్లు దాటీ దాటకుండానే 1905లో చనిపోయిన మనిషి చేసిన పని అది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల దగ్గరకు వెళ్లి, కూర్చుని, అడిగి, విని, రాశారు. పోరాటం ముగిశాక 'ఇక ఇంటికి పొండి' అని పంపేసినప్పుడు ఏమనిపించిందో ఆ స్త్రీలు చెప్తే గాని మనకు తెలియలేదు. ఏ రికార్డు గదిలోనూ ఆ మాట లేదు. మన్యం తిరుగుబాటును కళ్లారా చూసినవాళ్లు పోయారు. వాళ్లను అడగవలసిన కాలమంతా మనం విగ్రహాలకు చందాలు వసూలు చేసుకుంటూ గడిపేశాం. ఇప్పుడు మిగిలింది వాళ్ల మనవరాళ్లు విన్న మాటలు. అవీ పోయాక మళ్లీ 'ఆధారాలు లేవమ్మా' అనే అంటారు.

ఇది వందేళ్ల కిందటి ముచ్చట మాత్రమే అయితే ఇంత కోపం అక్కర్లేదు. అవే కొండల్లో, జి.మాడుగుల మండలం వాకపల్లిలో, 2007 ఆగస్టు 20న తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు ముందుకొచ్చి చెప్పారు. విచారణ మొదలవడానికే పదేళ్లకు పైగా పట్టింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు నిందితులైన పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని అదే తీర్పులో తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. జాగ్రత్తగా గమనించండి. ఆ స్త్రీలు మాట్లాడారు. రాయవలసినవాళ్లు రాయవలసినట్టు రాయలేదు. రేపటి చరిత్రకారుడికి దొరికేది కోర్టు కాగితం ఒక్కటే అయితే ఏం చెప్తాడు? 'ఆధారాలు లేవు' అనే కదా! ఆధారం లేకపోవడం ప్రకృతి వైపరీత్యం కాదు. ఎవరో ఒకరు రాయకుండా ఊరుకుంటేనే అది లేకుండా పోతుంది. మన్యం చరిత్ర 1924 మే 7తో ముగిసిందని చప్పట్లు కొట్టే సభకు వాకపల్లి అడ్డం. అందుకే ఆ పేరు వేదిక మీద వినపడదు. తెల్లవాడి పోలీసును తిట్టడం తేలిక. మన పోలీసు దగ్గరకొచ్చేసరికి గొంతులు సవరించుకుంటారు.

ఈ ప్రశ్న మైదాన ప్రాంతపు రచయిత్రులనూ వదలదు. మగ వక్త స్థానంలో పట్నం నుంచి కారులో వచ్చిన స్త్రీ వక్తను కూర్చోబెడితే పని అయిపోదు. ఆదివాసీ స్త్రీ గురించి మనం మాట్లాడుతుంటే ఆమె కింద కూర్చుని వినడం, ఆమెకు రాని పుస్తకాల తెలుగులో వినడం, పాత అమరికే. కువిలో, కోయలో, ఆదివాసీ ఒరియాలో చెప్పే చరిత్రకు ఏ పుస్తకాల పండుగలో మైకు ఇచ్చారు? దుబాసీని పెట్టుకోవలసింది వాళ్లు కాదు, మనం.

అడిగేది పెద్ద కోరికేం కాదు. చరిత్ర ప్రసంగం సాయంత్రం పెట్టండి, సంతకొచ్చిన స్త్రీలు అందుకోగలిగే వేళా చూడండి. చింతపండు అమ్ముకోవడానికి దిగివచ్చే మనిషికి ఒక పూట కూలి ఇచ్చి వేదిక మీద కూర్చోబెట్టండి. వక్తకు దారి ఖర్చులిచ్చినప్పుడు ఆమెకివ్వడం దానం కాదు. ఆమె చెప్పింది ఆమె భాషలోనే రికార్డు చేసి, అచ్చువేసి, ఆమె ఊరి బడికి కాపీలు పంపండి. ఇక ఆ చరిత్రకారులు, 'ఈ పోరాటంలో మహిళలు కూడా పాల్గొన్నారు' అన్న వాక్యం నోట్లోకి రాగానే ఆగి, 'వాళ్ల పేర్లేమిటి?' అని తమను తాము అడగాలి. జవాబు తెలియకపోతే ఆ రోజుకి ప్రసంగం ఆపి, నాతవరం నుంచి పైకి వెళ్లే బస్సెక్కాలి.