జున్నుకు ఇటలీ చుట్టం

తెలుగు పత్రికలలో ‘చీజ్’ అన్న మాటకు ‘జున్ను’ అని వ్రాయడం ఎంతో కాలంగా వాడుక. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక ఆ మాట కంటబడినప్పుడల్లా నాకు చిరాకు. ఈనిన గేదె తొలిపాలలో బెల్లం కలిపి, ఆవిరిమీద ఉడికించిన మెత్తని జున్నెక్కడ! రబ్బరులా సాగే ఆ పచ్చని ముక్క ఎక్కడ! అయితే ఈమధ్య ఇటలీవారి సరుకు ఒకటి తిన్న తరువాత ఆ అనువాదకులమీద నా కోపం సగం దిగిపోయింది.

దాని పేరు రికొట్టా. హైదరాబాదులో ఒక దుకాణంలో కనిపిస్తే చిన్న డబ్బా కొని, మంచుముక్కల మధ్య పెట్టి, తాండూరు దాకా రైలులోను, అక్కడినుంచి యాలాల్‌కు బస్సులోను తెచ్చాను. మూత తీస్తే మల్లెపూవు తెలుపు. మా అమ్మ వంగి చూసి, “ఇది ఇరిగిన పాలు గాదురా? దీనికి పైసలిచ్చినవా?” అన్నది. వెంటనే అసలు ప్రశ్న వేసింది: “దేంతోని ఇరగ్గొట్టిన్రు?”

చిన్న ప్రశ్న కాదు. చీజు చేసేవారు పాలు గడ్డకట్టడానికి రెన్నెట్ వేస్తారు. పూర్వం నుంచీ వాడే రెన్నెట్ పాలుతాగే దూడ కడుపులోని పొరనుంచి తీసేది. మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. బూజుజాతి సూక్ష్మజీవులనుంచి తీసే రెన్నెట్ కూడా ఇప్పుడున్నదని చెప్పి, డబ్బామీది పచ్చచుక్క చూపిస్తేగాని అమ్మ చెంచా పట్టలేదు.

పులుపు లేదు, ఉప్పు ఉన్నదో లేదో అన్నట్లున్నది. నాలుకమీద సన్నని రవ్వలా విడిపోయి, చివరకు పాల తీపి మిగిలింది. అమ్మ రెండో చెంచా తీసుకొని, “బెల్లం ఏస్తే జున్నే” అని తీర్పు చెప్పింది.

శాస్త్రం కూడా ఆ మాటే అంటుంది. పాలలోని మాంసకృత్తులు రెండు తెగలు. కేసీన్ అనేది రెన్నెట్‌కో, పులుపుకో గడ్డకడుతుంది. మొజరెల్లా వంటివి దానితో అయినవే. రెండో తెగ తేటలోనే మిగిలిపోతుంది. దానిని గడ్డకట్టించేది వేడి. ఇటలీ పల్లెలవారు ఆ తేటను పారబోయక మళ్ళీ 80, 90 డిగ్రీల దాకా కాస్తారు. తెల్లని తునకలు పైకి తేలుతాయి. వాటిని బుట్టలలోకి ఎత్తి నీరు ఓడిస్తే రికొట్టా. ఆ పేరుకు అర్థమే ‘మళ్ళీ వండినది’. మన జున్నుపాలలోనూ ఈ రెండో తెగే మెండు. అందుకే నిమ్మరసం, తోడు ఏమీ అక్కరలేకుండా ఆవిరి తగిలితేనే జున్ను గట్టిపడుతుంది.

ఇంట్లో ప్రయత్నిద్దామనుకొనే ఇల్లాళ్ళకు ఒక మాట. పనీరు వడగట్టిన నీళ్ళు మరిగిస్తే రికొట్టా దాదాపు రాదు. మరిగిన పాలలో నిమ్మకాయ పిండుతాము గనుక ఆ రెండో తెగ కూడా కేసీన్‌తో కలిసి అప్పుడే గుడ్డలోకి వచ్చేస్తుంది. ఆ నీళ్ళను చపాతీపిండి కలపడానికి వాడుకోండి.

చుట్టరికం ఎంత దగ్గరదైనా ఒక భేదమున్నది. జున్నుపాలు దూడ సొత్తు. కడుపులో ఉండగా దూడకు తల్లినుంచి రోగాలను ఎదిరించే శక్తి అందదు. పుట్టిన కొద్ది గంటలలో త్రాగే ముర్రుపాలతోనే అది రావాలి. నా చిన్నతనంలో మా ఇంట దూడ త్రాగగా మిగిలినవే పితికి, ఇరుగుపొరుగులకు గిన్నెలతో పంపేవారు. అమ్మడమన్న మాటే లేదు. ఇప్పుడు హైదరాబాదు వీధులలో జున్ను తూకానికి అమ్ముతున్నారు. అందులో దూడ వాటా ఎంత పోయిందని అడిగేవారు అరుదు. రికొట్టాకు ఆ పేచీ లేదు. అది పారబోయవలసిన తేటలోంచి పుట్టినది.

తీపి కలపాలన్న ఊహ మా అమ్మ ఒక్కతెదే కాదండోయ్! సిసిలీవారు రికొట్టాలో పంచదార కలిపి, వేయించిన పిండిగొట్టాలలో కూరి, కన్నోలి అని పిలుస్తారు. మేము బెల్లం, యాలకులు, చిటికెడు మిరియాలపొడి కలిపాము. సాయంత్రానికి డబ్బా ఖాళీ.

గేదె ఈనితే ముందు దూడను కడుపారా త్రాగనిద్దాము. ఆ పైన మిగలకపోతే రికొట్టా ఉన్నది. అనువాదకులు దీనిని మాత్రం నిక్షేపంగా ‘జున్ను’ అనవచ్చును. నాకేమీ అభ్యంతరం లేదు.