అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు



కొత్త పాటలు విని రేటింగ్ ఇస్తే డబ్బులొస్తాయనేవన్నీ మోసాలేనని గత సంచికలో మీ వ్యాసకర్త తేల్చేశారు. అది న్యాయం కాదు. 2007లో బ్రిటన్‌లో మొదలైన స్లైస్‌దపై అనే వెబ్‌సైట్ సంగతే చూడండి. పాట కనీసం 90 సెకన్లు వినాలి. ఆపైన గొంతు ఎలా ఉంది, మాటలు ఎలా కుదిరాయి, బీట్ ఎక్కడ కుంటుపడింది, అంతా సొంత మాటల్లో రాయాలి. రాసిందే తిప్పి రాస్తే ఒప్పుకోరు. ఇంతా చేస్తే పాటకు వచ్చేది కొన్ని సెంట్లు. అదీ పది డాలర్లు పోగయ్యాకే చేతికందుతుంది. అంత శ్రద్ధగా విన్నవాళ్లకు ఇంకాస్త ముట్టాలన్నదే నా వాదన.

మోసగాళ్ల తీరు వేరు. ఫోన్లో ఏదో గ్రూపులో చేర్చుకుంటారు, మొదట రెండొందలో మూడొందలో వేస్తారు, తర్వాత 'పెద్ద టాస్క్' అంటూ మనల్నే కట్టమంటారు. మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ఫీజు డబ్బు అలాగే పోయింది. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930 ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. వెంటనే ఫోన్ చేస్తే, సొమ్ము చేతులు మారకముందే ఆపే వీలుంటుంది. వచ్చే సంచికలోనైనా ఆ నంబరు పెద్దక్షరాల్లో వేయండి.

– ఒక పాఠకురాలు, తెనాలి