గిటార్ అమ్మకు తమ్ముడూ... ముందు మేళం కట్టు!

ఈ వారం ఉత్తరాల కట్టలో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. గోదావరి ఒడ్డునుంచి ఒక తమ్ముడు రాశాడు. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యను. పెళ్ళిళ్ళకీ, వినాయక చవితి పందిళ్ళకీ సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాడట. రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో సెకండ్ హాండ్ బేస్ కొన్నాడు. ఇక అతని గోడు వినండి:

"అన్నగారూ! రెండు పాటలయ్యేసరికి వేళ్ళు బొబ్బలెక్కుతున్నాయి. ఏడో ఫ్రెట్టు దాటితే శ్రుతి తప్పుతోంది. పాడే అమ్మాయి నావైపు గుడ్లురిమి చూస్తోంది. మైకు దగ్గరకెళితే పెదవికి షాక్ కొడుతోంది. ఒకాయన పికప్‌లు మార్చమన్నాడు. ఇంకొకాయన అమ్మేసి కొత్తది కొనమన్నాడు. మా ఆర్కెస్ట్రా పెద్దాయనైతే నీ వేళ్ళలో సంగీతం లేదురా అనేశాడు. మానేద్దామనుకుంటున్నాను. ఏం చెయ్యమంటారు?"

తమ్ముడూ, నా జవాబు మూడు ముక్కల్లో: అమ్మొద్దు, మార్చొద్దు, మానొద్దు! నీ జబ్బులు చాలాభాగం వేళ్ళలోవి కావు, చెక్కలోవి. పైగా బొబ్బలూ, శ్రుతి తప్పడమూ వేరు వేరు జబ్బులు కావు. రెండిటికీ వేరు ఒకటే అయివుంటుంది. అదేమిటో చెబుతాను.

ముందు బేస్ సంగతి తెలియని మిగతా పాఠకులకు రెండు మాటలు. ఈ రాత్రి చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ఇళయరాజా పాత పాట ఏదైనా పెట్టండి. గొంతును వదిలెయ్యండి. కింద, ఎక్కడో పునాదిలో, గుండెలా కొట్టుకుంటూ నడిచే ఆ లోతైన నాదాన్ని పట్టుకోండి. అదే బేస్! రాజాగారి వాద్యబృందంలో శశిధరన్, రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ వాయించిన బేస్‌కి మనం తెలియకుండానే తలలూపేశాం. పోస్టర్ మీద వాళ్ళ పేర్లుండవు. కానీ ఆ నాదం తీసేస్తే పాట కింద నేల లేనట్టే!

అమెరికాలో లియో ఫెండర్ 1951లో తన బేస్ గిటార్‌ని బజారులోకి తెచ్చి దానికి 'ప్రెసిషన్' అని పేరు పెట్టాడు. ఎందుకంటే, అంతవరకూ బేస్ అంటే మనిషంత ఎత్తు నిలువు వాద్యం. దానికి మెట్లు లేవు. వేలు వెంట్రుకవాసి జరిగితే అపస్వరమే. ఫెండర్ మెట్లు బిగించాడు. మెట్టు దగ్గర నొక్కితే స్వరం కచ్చితంగా పలకాలి, అదీ ఆ పేరుకి అర్థం. మరి నీ దగ్గర ఎందుకు పలకడం లేదు?

వీణకి చేస్తారు, గిటార్‌కి చెయ్యరా?

బొబ్బిలి వీణ చూశావా? పనస చెక్కతో చేసిన ఆ వీణ మీద 24 మెట్లూ మైనంలో కూర్చుంటాయి. ఎండకి మైనం మెత్తబడుతుంది, మెట్టు జరుగుతుంది, స్వరం చెడుతుంది. అప్పుడు వైణికుడు వీణని అమ్మేస్తాడా? తనకి సంగీతం రాదని ఏడుస్తాడా? తెలిసినవాణ్ణి పిలిచి మళ్ళీ మేళం కట్టిస్తాడు. మెట్లని మళ్ళీ శ్రుతికి కూర్చోబెట్టడమే మేళం కట్టడం. బేస్ గిటార్‌కీ అలాంటి మేళం ఉంది. వాళ్ళు 'సెటప్' అంటారు. పేరే తేడా!

మొదట ప్రాణం, తరవాతే పాట

పెదవికి షాక్ అన్నావే, ఆ ముక్క చదివాక నాకు అన్నం సయించలేదు. అది చిన్న విషయం కాదు. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో 'స్టోన్ ది క్రోస్' బృందం గిటారిస్టు లెస్ హార్వే, ఎర్త్ సరిగాలేని మైకు ముట్టుకుని స్టేజీ మీదే ప్రాణం వదిలాడు. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు.

సంగతేమిటంటే, నీ గిటార్ తీగలు వైరు ద్వారా ఆంప్లిఫయర్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. మైకు మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఈ రెంటిలో ఒకదానికి ఎర్త్ లేకపోతే మధ్యలో వంతెనవి నువ్వే! కనుక మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గు ఎవరిదైనా సరే, స్టేజీ ఎక్కనివ్వకు. ఆంప్లిఫయర్లూ, మిక్సరూ అన్నీ ఎర్త్ ఉన్న ఒకే లైనునుంచి తీసుకోమను. జనరేటరైతే దానికి ఎర్త్ దింపారో లేదో ఎలక్ట్రీషియన్ని అడుగు. పాట మొదలవకముందే మీటరుతో మైకుకీ నీ గిటార్ తీగకీ మధ్య ఓల్టేజి చూపించమను. ముల్లు లేచిందా, ఆ తప్పు దొరికేదాకా వాయించకు. పెళ్ళివారు ఏమనుకుంటారోనని మొహమాటపడకు. మొహమాటానికి మందుంది, దీనికి లేదు.

వరస తప్పితే పని తప్పు

ఇక మేళం. ఐదు మెట్లు. వరస మాత్రం తప్పకూడదు.

ఒకటి: కొత్త తీగలు. తుప్పు పట్టిన తీగతో శ్రుతి సరిచెయ్యాలనుకోవడం పగిలిన అద్దంలో ముఖం దిద్దుకోవడమే. కొత్తవి ఎక్కించి, ఫోనులో ట్యూనర్ పెట్టుకుని ఇ, ఏ, డి, జి శ్రుతులకి బిగించు. లావు తీగ సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది, సన్నది 98 సార్లు.

రెండు: మెడ. మెడ లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, దాని పేరు ట్రస్ రాడ్. తీగలు మెడని ముందుకి లాగుతాయి, కడ్డీ వెనక్కి లాగుతుంది. ఇద్దరి పోట్లాటా సమానంగా ఉంటే మెడ కొద్దిగా, చాలా కొద్దిగా మాత్రమే వంగి ఉంటుంది. లావు తీగని ఒక చేత్తో మొదటి ఫ్రెట్టు దగ్గరా, రెండో చేత్తో చివరి ఫ్రెట్టు దగ్గరా నొక్కు. ఎనిమిదో ఫ్రెట్టు దగ్గర తీగకీ ఫ్రెట్టుకీ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. అంటే మిల్లీమీటరులో మూడో వంతు. సందు ఎక్కువుంటే అలెన్ కీతో మరని కుడివైపు బిగించు, తక్కువుంటే ఎడమవైపు వదులు. ఒకసారికి పావు చుట్టు, అంతకంటే వద్దు. మళ్ళీ శ్రుతి చేసి, గంట ఆగి చూడు.

ఈ ఆగడం దగ్గరే నేను దెబ్బతిన్నాను. కుర్రతనంలో స్నేహితుడి దగ్గర బేస్ అరువు తెచ్చుకున్నాను. మర కదల్లేదు. మొండితనం నాది! బలంగా తిప్పాను. టక్‌మని లోపలెక్కడో చప్పుడు. అంతే, మర గిర్రున తిరిగింది. కడ్డీ విరిగింది, మెడ పోయింది, ఆ స్నేహితుడు ఆరు నెలలు మాట్లాడలేదు. కనుక మర కదలకపోతే నీ బలం చూపించకు. చేతిపని తెలిసినవాడి దగ్గరకి పట్టుకెళ్ళు.

మూడు: ఎత్తు. బ్రిడ్జి మీద ప్రతి తీగ కిందా చిన్న శాడిల్ ఉంటుంది. దాని మరలు తిప్పితే తీగ లేస్తుంది, దిగుతుంది. పదిహేడో ఫ్రెట్టు దగ్గర కొలిస్తే లావు తీగ కింద దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండు ఉంటే హాయిగా వాయించవచ్చు. నీదాంట్లో అంతకి రెండింతలుందని నా అనుమానం! బొబ్బలెక్కవూ మరి? ఇక్కడే అసలు రహస్యం చూడు. తీగ ఎంత ఎత్తులో ఉంటే నొక్కినప్పుడు అంత సాగుతుంది. సాగిన తీగ శ్రుతి పైకి పోతుంది. వేళ్ళు బొబ్బలెక్కించిన ఎత్తే నీ స్వరాన్నీ చెడగొట్టింది. ఇద్దరు దొంగలు కాదు, ఒక్కడే!

మరీ దించినా తంటాయే. పై ఫ్రెట్లలో గరగరమంటే కొంచెం లేపు. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే గరగరలాడితే తప్పు మెడది, రెండో మెట్టుకి వెళ్ళు. ఒక్క చోటే గరగరమంటే ఆ పక్క ఫ్రెట్టు లేచి ఉంది, అది పనివాడు చూడాలి.

నాలుగు: స్వరం. పన్నెండో ఫ్రెట్టు మీద తీగని వేలితో తాకీ తాకనట్టు ఆనించి మీటితే గంటలాంటి నాదం వస్తుంది. తరవాత అదే చోట గట్టిగా నొక్కి మీటు. ట్యూనర్‌లో రెండూ ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం ఎక్కువైతే శాడిల్‌ని వెనక్కి జరుపు. తక్కువైతే ముందుకి. నాలుగు తీగలకీ ఓపిగ్గా చెయ్యి. ఇది అయ్యాక ఏడో ఫ్రెట్టు దాటి చూడు, ఆ అమ్మాయి గుడ్లురమడం మానకపోతే అడుగు!

ఐదు: పికప్. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన ముక్క అది. శబ్దం పెద్దగా రావాలని దాన్ని తీగలకి మరీ దగ్గరగా లేపుతారు కొందరు. అయస్కాంతం తీగనే లాగేస్తుంది, శ్రుతి వణుకుతుంది. చివరి ఫ్రెట్టు నొక్కి పట్టి, కింద మూడు మిల్లీమీటర్ల సందుతో మొదలుపెట్టి, చెవితో సవరించుకో.

మార్చాలనే ఉంటే...

మార్పులు చెయ్యొద్దని నేననను. చరిత్ర చేసినవాళ్ళే మార్చారు. ఇంగ్లాండులో బిల్ వైమన్ 1961లో ఒక చవకరకం బేస్‌కి ఫ్రెట్లు పీకేశాడు, కొత్తవి వేద్దామని. తీరా వాయిస్తే ఫ్రెట్లు లేకుండానే బాగుందనిపించి అలాగే ఉంచేశాడు. తరవాత రోలింగ్ స్టోన్స్‌లో చేరాడు. అమెరికాలో జాకో పాస్టోరియస్ దగ్గర 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్, ఫ్రెట్లు తీసేసి, సందులు పూడ్చి, తీగలు చెక్కని కొరికెయ్యకుండా పడవలకి పూసే ఎపాక్సీ పట్టించినది. దాంతో అతను 1976లో తెచ్చిన తొలి ఆల్బమ్ విని బేస్ వాయించేవాళ్ళు నోళ్ళు తెరిచారు. అది 1986లో న్యూయార్క్‌లో దొంగల పాలైంది. మరుసటేడు జాకోయే పోయాడు. రెండు దశాబ్దాల తరవాత ఆ బేస్ బయటపడితే, మెటాలికా బృందం బేసిస్టు రాబర్ట్ ట్రుహియో సాయంతో అతని కుటుంబానికి దక్కింది.

ఇది విని ఇవాళే కటింగ్ ప్లేయర్ పుచ్చుకోకు! మోటౌన్ సంస్థ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ సంగతి కూడా విను. అతనివి నున్నగా చుట్టిన లావు తీగలు, తెగితే తప్ప మార్చేవాడు కాడు. బ్రిడ్జి మూత కింద ఒక స్పాంజి ముక్క. మీటేది ఒక్క చూపుడు వేలు. అంతే సరంజామా! ఆ వేలికింద 1960ల అమెరికా అంతా చిందులేసింది.

కనుక నా సూత్రం ఇది: వెనక్కి తీసుకోగలిగిన మార్పు ముందు, తీసుకోలేనిది చివర. స్పాంజి పెట్టి చూడు, ఖర్చు లేదు. గరుకు తీగల బదులు నున్నవి వేసి చూడు, పాత పాటలకి బ్రహ్మాండంగా ఉంటాయి. గుయ్యిమంటుంటే లోపలి గుంటకి రాగి రేకు అంటించి ఎర్త్‌కి కలిపించు. ఇవయ్యాక కూడా నాదం నచ్చకపోతే అప్పుడు పికప్ మార్చు. విప్పిన పాతది, ఒక్క మర కూడా పోకుండా, డబ్బాలో దాచు. ఉలి పెట్టి చెక్క తొలచడం, ఫ్రెట్లు పీకడం, ఈ రెండూ ఏడాది ఆగి ఆలోచించాల్సిన పనులు.

రోజూ రెండు నిమిషాలు

మీది గోదావరి గాలి, పైగా స్టేజీ చెమట. వాయించిన వెంటనే పొడిగుడ్డతో తీగలు పైనా కిందా తుడు. రోజ్‌వుడ్ మెడైతే ఏడాదికి ఒకటి రెండుసార్లు గిటార్‌కని అమ్మే నూనె రెండు చుక్కలు చాలు. కొబ్బరినూనె రాయకు, కంపు కొడుతుంది. వ్యాను టాపు మీద ఎండలో వెయ్యకు. రుతువు మారి చెక్క తేమ పీల్చినప్పుడో, ఎండినప్పుడో మెడ కదులుతుంది. ఎండాకాలం మొదట్లోనూ, వానలు పడ్డాకా ఒకసారి ఆ విజిటింగ్ కార్డు పరీక్ష చెయ్యి. నాబు తిప్పితే బరబరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టు. జాక్ వదులైతే వెంటనే బిగించు, లేకపోతే లోపలి వైరు తెగి, సరిగ్గా పల్లవి ఎత్తుకునేసరికి నీ బేస్ మూగనోము పడుతుంది!

ఇక ఆ పెద్దాయన మాట. పెద్దవారు, ఏమీ అనకు. ఇవన్నీ చేశాక కూడా తాళం తప్పుతుంటే అప్పుడు తప్పు వేళ్ళదే. రోజూ గంటసేపు మెట్రోనోమ్ పెట్టుకుని సాధన చెయ్యి. కానీ తప్పు ఎవరిదో తేలకుండా వేళ్ళకి శిక్ష వెయ్యకు. వాద్యం సరిగా లేక, తమకే చేతకాదనుకుని మానేసిన కుర్రాళ్ళని నేను కళ్ళారా చూశాను. వాళ్ళలో ఎందరు శశిధరన్‌లున్నారో ఎవరికి తెలుసు?

మేళం కట్టాక ఉత్తరం రాయి. ఏడో ఫ్రెట్టు పైన ఏం పలికిందో చెప్పు. షాక్ సంగతి మాత్రం ఉత్తరం దాకా ఆగకు, రేపే చూపించు.

పాఠకులారా, వచ్చేవారం మరో ఉత్తరంతో కలుద్దాం. అంతవరకూ... పాట వింటూ ఒక్క చెవి కింద పునాది మీద పెట్టి ఉంచండి!