చీలిక యే భూమి మీద?

అభ్యుదయ సాహిత్యం పాఠం చెబుతూ 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం నుంచి 1970లో యేర్పడిన విప్లవ రచయితల సంఘం దాకా వచ్చాను. నడుమ 1964 చెప్పక తప్పలేదు. పినపాక నుంచి వచ్చే కోయ విద్యార్థి లేచి, "సార్, పార్టీ దేనిమీద చీలింది? మా భూమి మీదనా?" అని అడిగాడు.

కాదు. 1962 చైనా యుద్ధం, సోవియట్-చైనా వివాదం, కాంగ్రెసు పట్ల వైఖరి, వీటిమీద చీలింది. ఇవి అల్ప విషయాలని నేననను. 1964 ఏప్రిల్‌లో జాతీయ సమితి నుంచి 32 మంది బయటికి నడిచారు. జూలైలో ఆ తెనాలిలోనే వారి సమావేశం జరిగింది. సుందరయ్య, బసవపున్నయ్య ఒకవైపు. రాజేశ్వరరావు, రావి నారాయణరెడ్డి మరొకవైపు. ఫలితం? 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 51 స్థానాలున్న పార్టీకి 1967లో 11, 9 మిగిలాయి. ఓట్లు తగ్గినదానికంటే స్థానాలు యెక్కువగా తగ్గాయి.

దీనికి రెండు వాదాలు వినిపిస్తుంటాయి. "చీలకపోతే రాజ్యం మనదే" అన్నది మొదటిది. ఈ వాదం నిలవదు. 1955లో పార్టీ ఒక్కటిగానే వుంది. ఆంధ్ర రాష్ట్రంలో 196 స్థానాలకు గెలిచింది 15. "చీలికే పంథాను శుద్ధిచేసింది" అన్నది రెండవది. అదే నిజమైతే, శుద్ధమైన పంథా మళ్లీ మళ్లీ యెందుకు చీలినట్టు?

1790లలో అమెరికాలో హామిల్టన్ వర్గమూ జెఫర్సన్ వర్గమూ జాతీయ బ్యాంకు మీద, అప్పుల మీద, ఫ్రాన్సు యుద్ధం మీద చీలాయి. 1798లో ఒక వర్గం విమర్శకులను జైలుకు పంపే చట్టం చేసింది. 1800 ఎన్నికలలో అధికారం రెండవ వర్గానికి పోయింది. నల్లజాతి బానిస సంకెల మాత్రం వూడలేదు, ఆదివాసుల భూమి పోవటం ఆగలేదు. మన పార్టీలు వారి వంటివని కాదు. కాని యే కలహాన్ని తూచటానికైనా ఒకటే తూనిక: అందులో అట్టడుగువాడి ప్రశ్న వున్నదా?

1968లో బయటికి వచ్చినవారు ఆ ప్రశ్నతోనే ఈ గోదావరి అడవులకు వచ్చారన్నది కాదనలేము. శ్రీకాకుళం గిరిజనులు తిరగబడిన ఆ రోజుల్లోనే, 1970లో, ఆదివాసీ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పరం కారాదనే 1/70 నిబంధన వచ్చింది. కాని 1971కల్లా వారూ చీలిపోయారు. ఒకే గూడెంలో రెండు సంఘాలు, ఒకే రైతుకు రెండు రసీదులు!

2023 తెలంగాణ ఎన్నికలలో ఒక పార్టీ కాంగ్రెసుతో కలిసి కొత్తగూడెం గెలిచింది. రెండవది వొంటరిగా నిలిచి వొక్క స్థానమూ గెలవలేదు. జెండాలు కలపమని నేను కోరటంలేదు. 1/70 అమలుకు, 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలకు, పినపాకలో ఒకే కమిటీ వేయమంటున్నాను. ఆ పని చేయటానికి యే తీర్మానం అడ్డువస్తున్నదో రెండు పార్టీలూ చెప్పాలి. ఆ విద్యార్థికి నేనింకా జవాబు బాకీ వున్నాను.