ఖజానాకు తాళం పడితేనే

జనం మెచ్చని యుద్ధం దానంతట అది ఆగదు. సర్వేల్లో వ్యతిరేకత పెరిగిందనో, రాజధాని వీధులు జనంతో నిండాయనో పాలకులు సైన్యాన్ని వెనక్కి పిలిపించరు. ఆ వ్యతిరేకత యుద్ధానికి డబ్బు మంజూరు చేసే చట్టసభ దాకా చేరి, సభ్యుల ఓట్లుగా మారినప్పుడే పాలకుడి చేతులు కట్టేసినట్టవుతుంది. వియత్నాం, ఇరాక్ యుద్ధాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇదే.

1964 ఆగస్టులో వియత్నాంలో సైనిక చర్యకు అనుమతించే టాంకిన్ గల్ఫ్ తీర్మానాన్ని అమెరికా ప్రతినిధుల సభ 416–0తో, సెనేట్ 88–2తో ఆమోదించి అధ్యక్షుడు జాన్సన్‌కు పగ్గాలు వదిలేశాయి. 1969 నాటికి వియత్నాంలో అమెరికా సైనికుల సంఖ్య 5.4 లక్షలు దాటింది. ఈలోగా పౌరులు ఊరేగింపులతోనే సరిపెట్టుకోలేదు. 1968లో యుద్ధాన్ని వ్యతిరేకించిన సెనేటర్ యూజీన్ మెకార్తీ కోసం కాలేజీ కుర్రాళ్లు జుట్టు కత్తిరించుకుని, గడ్డాలు గీసుకుని న్యూ హాంప్‌షైర్‌లో ఇల్లిల్లూ తిరిగారు. జాన్సన్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే అక్కడి ప్రైమరీ ఎన్నికలో ఆయనకు 42 శాతం ఓట్లు పడ్డాయి. ప్రైమరీ జరిగిన నెలాఖరుకే జాన్సన్ మళ్లీ పోటీ చేయబోనని ప్రకటించారు. 1971లో వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులే తమ పతకాలను అమెరికా చట్టసభ కాంగ్రెస్ భవనం వైపు విసిరేశారు. ఇన్నేళ్ల ఒత్తిడి ఫలితం 1973లో కనబడింది. జనవరిలో వియత్నాం యుద్ధ విరమణకు పారిస్ ఒప్పందంపై సంతకాలయ్యాక కూడా కంబోడియాపై అమెరికా బాంబులు పడుతూనే ఉన్నాయి. నిధులు నిలిపేస్తూ కాంగ్రెస్ చేసిన బిల్లును అప్పటి అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశారు. కాంగ్రెస్ పట్టు వదలక, ఆగస్టు 15 తర్వాత ఇండోచైనా యుద్ధానికి పైసా ఇవ్వబోమని గడువు పెట్టింది. బాంబులు సరిగ్గా ఆ రోజే ఆగాయి. వాటర్‌గేట్ కుంభకోణం నిక్సన్‌ను అప్పటికే బలహీనపరిచిన మాట నిజమే. కానీ చట్టసభను అంత దూరం నడిపించింది ఏళ్ల తరబడి ఓటర్లు పెట్టిన పోరే.

మరి 2003 ఫిబ్రవరి 15న లండన్, రోమ్ సహా వందలాది నగరాల్లో లక్షల మంది రోడ్డెక్కినా ఇరాక్ యుద్ధం ఆగలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ జనం అమెరికా చట్టసభ తలుపు తట్టేసరికి ఓటింగు ముగిసి నాలుగు నెలలైంది. 2002 అక్టోబరులోనే ప్రతినిధుల సభ 296–133తో, సెనేట్ 77–23తో యుద్ధానికి అనుమతి ఇచ్చేశాయి. 2006 ఎన్నికల్లో ఓటర్లు రెండు సభలనూ అధ్యక్షుడు బుష్ పార్టీ నుంచి లాక్కున్నారు. సైన్యం వెనక్కి రావడానికి గడువు పెట్టి 2007లో కాంగ్రెస్ పంపిన నిధుల బిల్లును బుష్ వీటో చేశారు. 1973 నాటి కాంగ్రెస్ వీటో తర్వాతా గడువుతోనే తిరిగొచ్చింది. 2007 నాటిది గడువు తీసేసి డబ్బిచ్చింది. సైన్యం వెనుదిరిగేసరికి 2011 డిసెంబరు వచ్చింది. ఓటేసి గెలిపించాక పౌరులు వెంటబడకపోతే ఏమవుతుందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రహస్య సమాచారం ప్రభుత్వం దగ్గర ఉంటుంది, సామాన్యుడికేం తెలుసనే వాదన ఎప్పుడూ వినబడేదే. వియత్నాం యుద్ధంపై అమెరికా రక్షణ శాఖ రహస్యంగా రాయించిన, 1971లో బయటపడ్డ పెంటగాన్ పత్రాలు దానికి జవాబు చెప్పాయి. పాలకులు లోపల ఒకటి అనుకుంటూ జనానికి మరొకటి చెప్పారని ఆ పత్రాలే తేల్చాయి. నిరసనలు సైనికుల స్థైర్యాన్ని దెబ్బతీస్తాయన్న వారికి పతకాలు విసిరేసిన సైనికులే సమాధానం. నిధులు ఆపడం వల్లే 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయిందన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే అయిదు లక్షల సైన్యం, ఏళ్ల తరబడి బాంబు దాడులు నిలబెట్టలేని ప్రభుత్వాన్ని ఇంకొన్ని కోట్ల డాలర్లు నిలబెట్టేవని నమ్మడానికి ఆధారం లేదు. ఆ నమ్మకానికి మూల్యం మాత్రం రెండు వైపులా ఇంకొన్ని వేల ప్రాణాలు.

నిరసన తీరు కూడా ముఖ్యమే. 1970 మే నెలలో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డ్ కాల్పులకు నలుగురు విద్యార్థులు బలైతే, గ్యాలప్ సర్వేలో 58 శాతం మంది తప్పు విద్యార్థులదేనన్నారు. అప్పటికే సగానికి పైగా అమెరికన్లు యుద్ధం పొరపాటని భావిస్తున్నారు. యుద్ధం నచ్చనివాడికి నిరసనకారుడు నచ్చాలని లేదు. అద్దాలు పగలగొట్టి అతణ్ని దూరం చేసుకోవడం కన్నా గడప తొక్కి మాట్లాడటం మేలు.

రష్యాలో యుద్ధంపై నోరు విప్పితే 15 ఏళ్ల దాకా జైల్లో పెట్టగల చట్టం 2022 మార్చిలో వచ్చింది. అక్కడి పౌరుణ్ని పూర్తిగా తప్పుపట్టలేం. ఓటు, మాట రెండూ చేతిలో ఉన్న దేశాల పౌరులకు ఆ సాకు లేదు. అమెరికాలో ఓటర్లుగా మారిన తెలుగువారూ ఇందుకు మినహాయింపు కాదు. తమ ప్రతినిధి ఏ నిధుల బిల్లుకు ఎలా ఓటేశాడో రాసిపెట్టుకోవాలి, ఓటింగుకు ముందే నిలదీయాలి, మాట తప్పితే తర్వాతి ఎన్నికల్లో ఓడించాలి. డబ్బు మంజూరయ్యేదాకా నోరు మెదపని పౌరుడి వ్యతిరేకత ఏ పాలకుడికీ ఇబ్బంది కలిగించదు.